అర పాయింటులో పదో వంతు

మా అమ్మాయి ఆవేళ బడి నుంచి వచ్చి, సంచీ సోఫా మీద పడేసి, బూట్లయినా విప్పకుండా ఒక్క మాట చెప్పింది. "అమ్మా, నేను రిజర్వ్."

బళ్ళో జిమ్నాస్టిక్స్ జట్టుకి ఆరుగురిని తీసుకున్నారట. ఏడో పేరు దీనిది. ఆ ఆరుగురిలో ఎవరికైనా జ్వరమొస్తేనో, కాలు బెణికితేనో దీనికి పిలుపు వస్తుంది. లేకపోతే అందరి నీళ్ళ సీసాలకీ కాపలా. "ఎంతలో పోయింది?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. "పాయింట్ వన్" అంది. పల్టీ బాగానే వచ్చిందట, కిందికి దిగాక ఎడమకాలు కాస్త కదిలిందట. అంతే.

మా అత్తమ్మ హైదరాబాదు నుంచి వచ్చి రెండు నెలలైంది. ఆవిడకి ఈ లెక్క ఎంత చెప్పినా ఎక్కలేదు. "గంత దూరం ఉరికొచ్చి, గాల్ల గుండ్రంగ తిరిగి దుంకిన పిల్లని ఒక్క అడుగేసినవని తీసేస్తరా? ఇదేం ఇచ్చంత్రం బిడ్డా! అడుగెయ్యకుంటె మనిషెట్ల నడుస్తది?" అంది. నవ్వొచ్చింది కానీ నవ్వితే పిల్ల ఏడుస్తుందని ఊరుకున్నాను.

మేముండేది వన్-నార్త్‌లో. సింగపూరు భూమధ్యరేఖకి ఒక డిగ్రీ పైన ఉందని ఈ పేటకి ఆ పేరు పెట్టారు. బయోపోలిస్, ఫ్యూజనోపోలిస్ అని గ్రీకు పేర్లున్న అద్దాల మేడలు, వాటి మధ్య సన్నటి పార్కు, సాయంత్రమయ్యేసరికి మెడలో కార్డులు వేలాడేసుకుని సర్కిల్ లైన్ రైలుకేసి నడిచే జనం. ఆ మేడల్లో పనిచేసేవాళ్ళకి మిల్లీగ్రాములో వెయ్యో వంతు కూడా పెద్ద సంగతే. ఇక్కడ పాయింట్ వన్ తక్కువేం కాదని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన పదకొండేళ్ళ పిల్లకి ఏం చెప్పాలో తెలిసిపోదు కదా.

రాత్రి అన్నాలయ్యాక ముగ్గురం పార్కులో నడుస్తున్నాం. దీని అడుగులు బరువుగా పడుతున్నాయి. ఉన్నట్టుండి అడిగింది. "మన తెలుగువాళ్ళలో ఎవరైనా ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్ చేశారా?"

లేరన్నాను. "దగ్గరిదాకా వెళ్ళినవాళ్ళు?"

ఉన్నారు. అప్పుడు చెప్పడం మొదలుపెట్టాను. చెబుతూ పోతుంటే అది నేననుకున్న కథ కాదని తెలిసొచ్చింది. ఈసారి మీకు చెప్పబోయేది అదే.

బుద్దా అరుణారెడ్డి హైదరాబాదు పిల్ల. 1995 డిసెంబరులో పుట్టింది. మొదట నేర్చుకున్నది కరాటే, అందులో బ్లాక్ బెల్ట్ దాకా వెళ్ళింది. ఆ ఒంటికి ఉన్న వంపు కరాటేకంటే జిమ్నాస్టిక్స్‌కి బాగా పనికొస్తుందని మొదట పసిగట్టింది వాళ్ళ నాన్న. ఎల్బీ స్టేడియంలో చేర్చిందీ ఆయనే. ఫతే మైదాన్ అని అత్తమ్మ తరంవాళ్ళు ఇప్పటికీ పిలిచేది దాన్నే. ఆ ప్రహరీ పక్కనుంచి ఎన్ని వందలసార్లు బస్సులో వెళ్ళానో! క్రికెట్ మ్యాచ్‌లు తెలుసు, పుస్తకాల సంతలు తెలుసు, ఎన్నికల సభలు తెలుసు. లోపలెక్కడో ఒక హాల్లో ఆడపిల్లలు చేతులకి సుద్ద రాసుకుని గాల్లోకి లేస్తున్నారని మాత్రం ఏనాడూ అనుకోలేదు. కూతురి పెద్ద పతకాన్ని చూడకుండానే ఆ నాన్న పోయారు. పతకం వచ్చిన రోజున అది ఆయనదేనంది అరుణ.

ఆ రోజు 2018 ఫిబ్రవరి 24. మెల్‌బోర్న్‌లో ప్రపంచ కప్, ఆడవాళ్ళ వాల్ట్ ఫైనల్. స్లోవేనియా అమ్మాయి త్యాషా కిస్సెలెఫ్‌కి 13.800, ఆస్ట్రేలియా అమ్మాయి ఎమిలీ వైట్‌హెడ్‌కి 13.699, అరుణకి 13.649. కాంస్యం. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో భారతదేశానికి వచ్చిన మొట్టమొదటి వ్యక్తిగత పతకం అదే. అంతకుముందు ఆడవాళ్ళకీ లేదు, మగవాళ్ళకీ లేదు.

వాల్ట్ గురించి ఇక్కడ కాస్త చెప్పాలి, లేకపోతే ఆ అంకెల్లో ఉన్న మజా తెలీదు. పరిగెత్తడానికి పాతిక మీటర్ల దారి. చివర ఒక స్ప్రింగ్ బోర్డు, దాని వెనక 125 సెంటీమీటర్ల ఎత్తున ఒక బల్ల. ఉరికొచ్చి, బోర్డు మీద రెండు కాళ్ళూ వేసి లేచి, బల్ల మీద అరచేతులు ఆనించి నెట్టుకుని, గాల్లో తిరిగి కిందికి దిగాలి. పరుగు మొదలైన దగ్గర్నుంచి దిగేదాకా అయిదారు సెకన్లు. ఫైనల్లో ఇలా రెండు దూకుళ్ళు, ఒకదానికొకటి పోలిక లేనివి చెయ్యాలి. రెండింటి సగటే చివరి మార్కు. దిగాక పాదం కాస్త కదిలితే పదో వంతు పోతుంది. పెద్ద అడుగు పడితే మూడు పదో వంతులు. పడిపోతే పూర్తిగా ఒక పాయింటు.

ఇప్పుడు అరుణ మార్కు చూడండి. వెండికీ కంచుకీ మధ్య 0.050. అర పాయింటులో పదో వంతు. రెండు దూకుళ్ళ సగటు కాబట్టి, ఏదో ఒక దాంట్లో ఒక్క చిన్న అడుగు తగ్గి ఉంటే ఆ తేడా చెరిగిపోయేది. మా అమ్మాయి ఎడమకాలు కదిలినంత!

ఇంతవరకూ వచ్చేసరికి దాని నడకలో కొంచెం హుషారొచ్చింది. "అయితే ఆ చిన్న అడుగు వల్లే ఒలింపిక్స్ పోయిందా?" అంది.

అవునని చెప్పేసి ఉంటే కథ చక్కగా కుదిరేది. "చూశావా, అందుకే దిగేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి" అని ఒక నీతి కూడా దొరికేది. కానీ అది నిజం కాదు. ఆ అడుగుకీ ఒలింపిక్స్‌కీ ఏ సంబంధమూ లేదు. అరుణకి ఆ రోజు బంగారమే వచ్చినా టోక్యో టికెట్టు దగ్గరికి ఒక్క అంగుళం కూడా జరిగేది కాదు.

ఎందుకంటే క్యాలెండరు. టోక్యో ఒలింపిక్స్‌కి లెక్కలోకి వచ్చే ప్రపంచ కప్పుల వరస 2018 నవంబరులో జర్మనీలోని కాట్‌బుస్‌లో మొదలైంది. మెల్‌బోర్న్ పతకం ఫిబ్రవరిలో వచ్చింది. తొమ్మిది నెలలు ముందు. ఆ వరసలోనైనా వాల్ట్‌కి ఉన్నది ప్రపంచమంతటికీ కలిపి ఒకే ఒక్క చోటు. అది అమెరికా అమ్మాయి జేడ్ కేరీకి దక్కింది. ఆ దేశానికి జట్టు మొత్తానికీ చోట్లు వేరే ఉన్నాయి, ఇది పైన అదనం. ఉన్నవాళ్ళకే మరికాస్త అన్న సామెత ఏదైనా ఉండాలి మనకి, చప్పున గుర్తుకు రావడంలేదు.

మెల్‌బోర్న్ ఫైనల్లో ఇంకో భారతీయ అమ్మాయి కూడా ఉంది. ప్రణతి నాయక్. పశ్చిమ బెంగాల్లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లా పింగ్లా ప్రాంతం నుంచి వచ్చింది. ఆ రోజు ఆరో స్థానం, 13.416. ఆ ఏడాదే జకార్తా ఆసియా క్రీడల వాల్ట్ ఫైనల్లోనూ ఇద్దరూ పక్కపక్కనే. అరుణ ఏడు, ప్రణతి ఎనిమిది. ఇద్దరూ ఒకే దేశం చొక్కా వేసుకుని, ఒకే బల్ల మీద, ఒకరి వెనక ఒకరు.

టోక్యోకి వెళ్ళింది ప్రణతి.

అన్యాయం అనుకోకండి. నేనూ ఒక నిమిషం అలాగే అనుకుని తర్వాత నాలిక్కరుచుకున్నాను. ప్రణతి ఎవరి టికెట్టూ లాక్కోలేదు. 2021 మే నెలాఖరున చైనాలోని హాంగ్‌ఝౌలో జరగాల్సిన ఆసియా పోటీలు కోవిడ్ వల్ల రద్దయ్యాయి. వాటికోసం దాచిన చోట్లు మిగిలిపోయాయి. వాటిని 2019 ప్రపంచ పోటీల్లో వచ్చిన ఫలితాల ప్రకారం పంచారు. ఒకటి శ్రీలంక అమ్మాయి మిల్కా గెహానీకి, ఒకటి ప్రణతికి. అంటే ప్రణతి అప్పటిదాకా రిజర్వ్ జాబితాలో ఉంది. ఒక పోటీ జరక్కపోవడం వల్ల ఆమె ఒలింపిక్స్‌కి వెళ్ళింది. ఆ ఏడాది టోక్యోలో భారతదేశం తరఫున ఉన్న ఒకే ఒక్క జిమ్నాస్ట్ ఆమె.

"రిజర్వా?" అంది మా అమ్మాయి, నడుస్తున్నదల్లా ఆగి.

"రిజర్వే."

అది ఇంకేం మాట్లాడలేదు. అత్తమ్మ మాత్రం "మరి ఆ హైద్రబాద్ పిల్లకేమైంది?" అని అడిగింది. ఆవిడకి తన ఊరి పిల్ల సంగతి తేలాలి.

ఆ పిల్లకి మోకాలు పోయింది. లిగమెంట్ తెగి శస్త్రచికిత్స దాకా వెళ్ళింది. వాల్ట్ చేసేవాళ్ళకి మోకాలు పోవడమంటే గాయకుడికి గొంతు పోవడమే. అంత ఎత్తునుంచి, అంత వేగంతో దిగే శరీరం బరువంతా ముందు పడేది అక్కడే కదా. అదీగాక, ఆ 2019 ఫలితాలు వాల్ట్‌వి కావు. నాలుగు పరికరాల మీదా కలిపి తీసినవి. అసలు ముడి అక్కడుంది.

ఆడవాళ్ళ జిమ్నాస్టిక్స్‌లో పరికరాలు నాలుగు. వాల్ట్, ఎత్తుపల్లాల రెండు కమ్మీలు, నాలుగంగుళాల వెడల్పుండే దూలం, నేల. చాలా టికెట్లు ఈ నాలుగింటి మొత్తం మీదే ఇస్తారు. మన దేశం నుంచి పైకొచ్చిన ఆడపిల్లల పేర్లు గుర్తు చేసుకోండి. దీపా కర్మాకర్, అరుణ, ప్రణతి. ముగ్గురూ వాల్ట్ పిల్లలే. ఇది కాకతాళీయం అని నేననుకోను. వాల్ట్‌కి కావలసినవి పరుగు, తొడల్లో బలం, గుండెల్లో దమ్ము. కమ్మీలకీ దూలానికీ చిన్నప్పటినుంచీ రోజూ గంటలకొద్దీ మంచి పరికరాలు కావాలి, వందలసార్లు పడ్డా దెబ్బ తగలని మెత్తటి గుంటలు కావాలి, పక్కన నిలబడి పట్టుకునే నాలుగు జతల చేతులు కావాలి. అగర్తలాలో దీపకి కోచ్ బిశ్వేశ్వర్ నంది పాత స్కూటర్ విడిభాగాలతో స్ప్రింగ్ బోర్డు తయారుచేసి ఇచ్చారని పేపర్లన్నీ రాశాయి. స్కూటర్ స్ప్రింగులతో వాల్ట్ నేర్చుకోవచ్చు. వాటితో కమ్మీలు ఎలా నేర్చుకుంటారు?

ఇది ఆ పిల్లల చేతకానితనం అనుకుంటే పొరపాటు. ఒక పేద హాలు ఏది నేర్పగలదో వాళ్ళు అది నేర్చుకున్నారు, అందులో ప్రపంచంతో భుజం కలిపారు. టికెట్టేమో మిగతా మూడూ అడుగుతుంది.

దీప పేరెత్తాను కాబట్టి ఆవిడ సంగతీ చెప్పుకోవాలి. 2016 ఏప్రిల్‌లో రియోలో జరిగిన చివరి అర్హత పోటీలో నాలుగు పరికరాల మీదా కలిపి 52.698 తెచ్చుకుని ఒలింపిక్స్‌కి వెళ్ళిన మొదటి భారతీయ మహిళా జిమ్నాస్ట్ అయింది. మగవాళ్ళు 1952, 56, 64లలో వెళ్ళారు. తర్వాత యాభై రెండేళ్ళపాటు ఎవరూ లేరు. ఆగస్టులో వాల్ట్ ఫైనల్ జరిగినప్పుడు ఇక్కడ అర్ధరాత్రి దాటింది. పిల్లది అప్పుడు మరీ చిన్నది, ఒళ్ళో నిద్రపోతోంది. నేనూ మా ఆయనా శబ్దం తగ్గించుకుని చూశాం. ప్రొడునోవా అని చేతులు ఆనించి లేచాక గాల్లో ముందుకి రెండు పల్టీలు కొట్టే దూకుడు అది. మెడ మీద పడితే అంతే సంగతులు. దిగేటప్పుడు బాగా కిందికి కుంగింది, నేలకి తగిలిందో లేదో అన్నట్టు. లేచి నిలబడింది. 15.066. స్విట్జర్లాండ్ అమ్మాయి జూలియా స్టైన్‌గ్రూబర్‌కి 15.216, కంచు. తేడా 0.150. ఒక దూకుడులో ఒక పెద్ద అడుగు. నాలుగో స్థానం. మా ఆయన పెద్దగా అరవబోయి పిల్ల లేస్తుందని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ నాలుగో స్థానం గురించి దేశమంతా మాట్లాడింది. ఎనిమిదేళ్ళ తర్వాత అదే దీప గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. నాకైతే రెండోదే పెద్ద కథ.

నిషేధిత పదార్థం కేసులో ఆమె మీద ఇరవై ఒక్క నెలల సస్పెన్షన్ పడింది. తెలియకుండా ఒంట్లోకి వెళ్ళిందని ఆమె చెప్పింది. ఆ గడువు 2023 జూలై 10తో ముగిసింది. పారిస్ ఒలింపిక్స్‌కి ముఖ్యమైన దారి ఆ ఏడాది ఆంట్‌వెర్ప్‌లో జరిగే ప్రపంచ పోటీలు. ఆసియావాళ్ళు వాటికి వెళ్ళాలంటే ఆసియా పోటీలు దాటాలి. అవి ఎక్కడ జరిగాయో తెలుసా? ఇక్కడే, సింగపూర్‌లో. 2023 జూన్ నెలలో. గడువుకి నెల కూడా తక్కువలో. జూన్ సెలవులకి మేం హైదరాబాదులో ఉన్నాం కాబట్టి నేనూ చూడలేదు. ఊళ్ళో ఉండి ఉంటే రైలెక్కి వెళ్ళి చూసేదాన్ని. దీపకి ఆ వీలు కూడా లేదు.

సస్పెన్షన్ తీరిన రెండ్రోజుల్లోనే భువనేశ్వర్‌లో ఆసియా క్రీడల ఎంపిక పోటీల్లో ఆమే మొదటి స్థానంలో వచ్చింది. అయినా పంపలేదు. గడిచిన పన్నెండు నెలల్లో చూపిన ప్రతిభ ఆధారంగా ఎంచాలని నియమం. పన్నెండు నెలలూ నిషేధంలో ఉన్న మనిషి ప్రతిభ ఎక్కడ చూపిస్తుంది? నియమం రాసినవాళ్ళకి ఇలాంటి మనిషి ఒకరు వస్తారని తట్టి ఉండదు.

ఆ తర్వాత 2024 మే, తాష్కెంట్. మళ్ళీ ఆసియా పోటీలు. వాల్ట్‌లో దీపకి 13.566. బంగారం. వెనక ఇద్దరూ ఉత్తర కొరియావాళ్ళు. ఆసియా పోటీల్లో బంగారం గెలిచిన మొదటి భారతీయ జిమ్నాస్ట్. ముప్ఫై ఏళ్ళ వయసు, శస్త్రచికిత్సలు చేసిన మోకాలు. మీరైతే ఇక టికెట్టు ఖాయం అనుకుంటారు. కానీ అక్కడ ఉన్న ఆ ఒక్క టికెట్టూ నాలుగు పరికరాలకి. ఆ లెక్కలో దీపకి 46.166, పదహారో స్థానం. మూడో స్థానంలో వచ్చిన ఫిలిప్పీన్స్ అమ్మాయి ఎమ్మా మలబుయో పారిస్ వెళ్ళింది. ఆసియాలోకెల్లా వాల్ట్ బాగా చేసిన మనిషి ఇంటికొచ్చింది. పారిస్‌లో భారతదేశం నుంచి ఒక్క జిమ్నాస్ట్ కూడా లేరు. ఆ అక్టోబరులో దీప ఆట నుంచి తప్పుకుంది.

అదే తాష్కెంట్‌లో అదే వారం ఇంకొకావిడ పారిస్ ఆశ కూడా ముగిసింది. ఒక్సానా చుసోవితినా, ఉజ్బెకిస్తాన్. 1992 నుంచి వరసగా ఎనిమిది ఒలింపిక్స్ ఆడిన మనిషి. కొడుకు లుకేమియా వైద్యం కోసం జర్మనీకి వెళ్ళి, ఆ దేశం తరఫున కూడా ఆడి, 2008లో వాల్ట్‌లో వెండి తెచ్చి, మళ్ళీ సొంత దేశానికి తిరిగొచ్చింది. నలభై ఎనిమిదేళ్ళ వయసులో తొమ్మిదో ఒలింపిక్స్ కోసం సొంత దేశంలో దిగబోయి గాయంతో ఆగిపోయింది. ఎనిమిది వెళ్ళినావిడక్కూడా తొమ్మిదోది కొద్దిలో తప్పిందంటే బాధేనా? బాధేననుకుంటాను. లెక్క ఎక్కడ మొదలెడితే అక్కడినుంచి ఒకటి తక్కువే ఉంటుంది.

అత్తమ్మ ఇవన్నీ వింటూ వచ్చి "మా చిన్నతనంల దొమ్మరోల్లు చేస్తుండిరి గివన్ని. గడ ఎక్కి, ఆడపిల్ల కడుపు మీద ఆనుకొని గిర్రున తిరుగుతుండె. కింద పరుపు లేదు, ఏం లేదు" అంది. నిజమే. ఆ విద్యకి మార్కులు వేసినవాళ్ళు లేరు, నాలుగు గింజలు వేసి పంపించారు. ఆపైన ఆ కులం పేరునే ఆడపిల్లని తిట్టే మాట చేసిపెట్టుకున్నాం. గంతులేసే పిల్లని చూస్తే మనకి నోట్లోంచి ముందొచ్చేది ఇప్పటికీ ఆ మాటే. ఎల్బీ స్టేడియం హాలుకి కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన ఆ నాన్న ఇలాంటి మాటలెన్ని దాటుకుని వెళ్ళారో అనిపిస్తుంది నాకు.

ఈ దేశం సంగతి కూడా ఒక్క ముక్క. సింగపూర్ నుంచి ఒలింపిక్స్‌కి వెళ్ళిన మొదటి జిమ్నాస్ట్ లిమ్ హీమ్ వే, 2012 లండన్‌లో. అంతకు రెండేళ్ళ ముందు ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో దూలం మీద వెండి తెచ్చుకుంది. ఆ ఢిల్లీలోనే మన ఆశిష్ కుమార్ వాల్ట్‌లో వెండి, నేల మీద కంచు గెలిచి కామన్వెల్త్ క్రీడల జిమ్నాస్టిక్స్‌లో భారతదేశానికి మొదటి పతకాలు తెచ్చాడు. ఒకే హాల్లో రెండు దేశాలకి తలుపు తెరుచుకుంది. లండన్‌కి ఆ అమ్మాయి వెళ్ళగలిగింది. మనవాళ్ళు ఎవరూ వెళ్ళలేదు. డబ్బున్న చిన్న దేశానికీ ఒక్కరిని పంపడానికి అంతకాలం పట్టిందంటే, ఈ ఆట ఎంత ఇరుకైనదో చూడండి.

సరే, అరుణ దగ్గరికి వస్తాను. అత్తమ్మ అప్పటికి రెండోసారి అడిగింది.

మోకాలి శస్త్రచికిత్స తర్వాత, టోక్యో అయిపోయిన నాలుగు నెలలకి, 2021 డిసెంబరులో అరుణ కైరో వెళ్ళింది. ఫారోస్ కప్ అని అక్కడ జరిగే పోటీ. వాల్ట్‌లో 13.487తో బంగారం. దాంతోపాటు నేల మీద కూడా ఇంకో బంగారం. ఈ రెండోదాని దగ్గర నేను ఆగిపోయాను. వాల్ట్ పిల్ల అని మనం అనుకున్న మనిషి, కుట్లేసిన మోకాలితో, తొంభై సెకన్లపాటు నేల మీద పల్టీలు కొట్టి, ఒకసారి కాదు మూడు నాలుగుసార్లు ఆ మోకాలి మీదే దిగి గెలిచింది. అది ఒలింపిక్స్‌కి లెక్కలోకి రాని పోటీ. పెద్ద దేశాలు పట్టించుకునే పోటీ కూడా కాదు. పేపర్లో మూడో నాలుగో పేరాలు రాశారు. మెల్‌బోర్న్ పతకంతో పోలిస్తే ఎవరికీ గుర్తుండదు. నన్నడిగితే ఆవిడ పతకాలన్నిట్లో నేనెంచుకునేది ఇదే. ఎవరూ ఎంపిక చెయ్యడానికి కూర్చోని చోట, ఏ టికెట్టూ రాదని తెలిసి, ఆ పాతిక మీటర్లు మళ్ళీ పరిగెత్తింది.

"గెలిచిందన్నమాట" అంది అత్తమ్మ, తేలిక పడ్డట్టు.

"గెలిచింది, అత్తమ్మా. ఒలింపిక్స్‌కి మాత్రం వెళ్ళలేదు."

"పోకుంటె పోకపాయె. మోకాలు మంచిగున్నదా ఇప్పుడు?"

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. ఇన్ని అంకెలు చదివాను, ఆ మోకాలు ఇప్పుడెలా ఉందో ఎక్కడా వెతకలేదు.

తర్వాతి మంగళవారం సాధన ఉంది. పొద్దున నేనేమీ అడగలేదు, వెళ్తావా మానతావా అని. వెళ్ళనంటే బతిమాలకూడదని ముందు రాత్రే మా ఆయనా నేనూ అనుకున్నాం. సాయంత్రం ఆలస్యంగా వచ్చింది. చేతులకి ఇంకా తెల్లగా సుద్ద. నీళ్ళ సీసాల కాపలా ఎలా జరిగిందని వాళ్ళ నాన్న హాస్యమాడితే ఊరుకోమని కసిరింది. రిజర్వ్‌లకి కూడా అందరితో సమానంగా దూకుళ్ళు ఇస్తారట, ఇవాళ తనకి పద్నాలుగు వచ్చాయట.

"ఎన్నింట్లో కాలు కదల్లేదు?" అన్నాను. మళ్ళీ నోరు జారాను.

"మూడు" అంది. తర్వాత కాస్త ఆలోచించి, "మూడున్నర" అంది.

ఆ సగం ఎలా వచ్చిందని అత్తమ్మ అడుగుతోంది. ఇద్దరూ హాల్లో కుర్చీలు పక్కకి జరిపి, ఒకటి దూకుతుంటే ఇంకొకరు వంగి పాదాలు చూస్తున్నారు. కిందింటివాళ్ళు పైకొచ్చేలోగా నేను వెళ్ళి ఆపాలి.